ఏడాదికొక రేకు

డెబ్బై నాలుగేళ్ల వయసు గలవాడిని, షాపుల బోర్డులు రాసి బతికినవాడిని, నలుగురూ ‘అక్షరాల మాస్టారు’ అని పిలిచే నేను, చెయ్యి వణుకుతున్నా బుద్ధి వణకని స్థితిలో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా చెప్పి రాయించిన వీలునామా ఇది. ఇదివరకు నేను మరే వీలునామా రాయలేదు. నా తదనంతరం ఇది అమలులోకి వస్తుంది. అమలు జరిపే బాధ్యత నా కూతురిది. తను లెక్కల టీచరు కనుక ఎవరి వాటా ఎంతో పొరపడదని నమ్ముతున్నాను. వాక్యాలు మాత్రం దిద్దవద్దని కోరుతున్నాను.

1. ఇల్లు నా స్వార్జితం. మేడమీది రెండు గదులు, వంటిల్లు నా కూతురికి. కింద నేను బోర్డులు రాసిన షెడ్డు నా కొడుక్కి, సర్వహక్కులతో చెందవలసినది. మెట్లు ఇద్దరివీ. వాటిని ఊడ్చే వంతు ఎవరిదన్న విషయంలో ఈ పత్రం నోరు మెదపదు.

2. వంటింటి గోడకు వేలాడుతున్న రేకు ముక్కలు. ఇవి ముప్పై మూడేళ్లవి. బోర్డులు కత్తిరించగా మిగిలిన జానెడేసి ముక్కల మీద, ప్రతి జనవరిలో, ఇంట్లో ఒక్కొక్కరూ ఆ ఏడాది సాధించదలచిన పని నా చేత రాయించుకున్నవి. వాటిని పంచే ముందు అవి ఎలా మొదలయ్యాయో చెప్పాలి, ఎందుకంటే పిల్లలకు సగమే తెలుసు.

మావాడికి అప్పుడు ఏడేళ్లు. నత్తి ఉండేది. మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుపోయేది. నాకు ఓపిక తక్కువ. వాడు మొదలుపెట్టిన మాట నేనే పూర్తిచేసి, జవాబు కూడా నేనే చెప్పేసి నా పనిలో పడిపోయేవాణ్ణి. అది సాయమనుకునేవాణ్ణి.

ఒక ఆదివారం మధ్యాహ్నం బట్టల షాపు బోర్డు రాస్తున్నాను. నా తమ్ముడు మూలన కూర్చుని రంగు కలుపుతున్నాడు. మావాడు మెట్లు దిగి పరుగెత్తుకొచ్చి ‘అ... అ...’ అన్నాడు. “అన్నమా? ఈ కొమ్ము గీసేసి వస్తానని అమ్మకి చెప్పు” అన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడట. నేను చూడలేదు, కొమ్ము వంక చూస్తున్నాను. మళ్లీ ‘అ... అ...’ అంటూ నా చొక్కా పట్టి లాగాడు. గీత వంకరపోయింది. నేను చెయ్యెత్తాను. కొట్టలేదు, ఎత్తాను. వాడు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పైన ఏదో జరిగిందని గ్రహించిన తమ్ముడు రంగు డబ్బా అక్కడే వదిలేసి మెట్లెక్కి పరుగెత్తాడు. వంటింట్లో అటక మీది డబ్బా అందుకోబోయి, స్టూలు జారి, నా భార్య కాలు విరిగి పడి ఉంది. వాడు చెప్పాలనుకున్నది అన్నం కాదు, అమ్మ.

కట్టు వేయించుకుని మంచం మీద ఉన్న ఆవిడ నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. “కాలు అతుక్కుంటుందండీ. వాడు మళ్లీ మీ దగ్గరికొచ్చి నోరు తెరుస్తాడా అనేదే నా దిగులు” అంది. ఆ తర్వాత, “ఒక రేకు ముక్క తెచ్చి నేను చెప్పింది రాయండి” అంది. రాశాను: ‘వాడి మాట పూర్తయ్యేదాకా ఆగాలి.’ అదే మొదటి రేకు. నాన్నకి ఉన్నప్పుడు మాకెందుకు లేవని పిల్లలు పేచీ పెడితే తలా ఒకటి రాశాను. ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే: “ఒక్క పనే రాయాలి. నెరవేరకపోతే ఎందుకని ఎవరూ అడగకూడదు. మళ్లీ ఏడు మళ్లీ తగిలించుకోవాలి, అంతే.”

నా రేకు నాలుగేళ్లు వేలాడింది.

3. నా కొడుక్కి: ఆ మొదటి రేకు, దానితోపాటు రంగు గట్టిపడిపోయి దేనికీ పనికిరాని ఒక కుంచె. ఆ కుంచె కథ వాడికి తెలియదు. వాడికి పదో ఏడు నడుస్తుండగా, ఒకసారి షెడ్డులోకొచ్చి నా పక్కన నిలబడి ఏదో చెప్పబోయాడు. చేతిలో ముంచిన కుంచె ఉంది. ఆ రోజు ఆగాను. వాడు ఒక్కో అక్షరం కొండెక్కినట్టు ఎక్కుతున్నాడు. కుంచె ఆరిపోతోంది. నా నాలుక చివరిదాకా వచ్చిన మాటను పళ్లతో పట్టి ఉంచాను. ఎంతసేపటికో పూర్తిచేశాడు: “నాన్నా, నువ్వు ‘ళ’ రాసేటప్పుడు నాలుక బయటపెడతావు.” అంతే. ఆ కబురు చెప్పి నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. మూడేళ్లుగా వాడు నన్ను చూస్తూనే ఉన్నాడని, చెప్పడానికి దారి దొరకలేదని అప్పుడు తెలిసింది. ఆ కుంచెను కడగబుద్ధి కాలేదు.

వాడిప్పుడు బస్సు కండక్టరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాడికి తెలియకుండా వెనక తలుపు నుంచి ఎక్కాను. స్టాపుల పేర్లు గట్టిగా పిలుస్తున్నాడు. ఒక చోట మాట ఆగింది. ముందు సీట్లో పెద్దమనిషి పేరు అందించబోయాడు. “ఆగండి, ఆయన చెబుతారు” అని వెనకనుంచి అరిచాను. బస్సంతా తిరిగి చూసింది. వాడూ చూశాడు. నన్ను చూస్తూనే ఆ స్టాపు పేరు పూర్తిగా, ఒక్క అక్షరం నలగకుండా పలికాడు. తర్వాత నా దగ్గరకొచ్చి, “టికెట్ తీసుకున్నావా?” అని అడిగాడు.

4. నా కూతురికి: వాళ్లమ్మ రేకులన్నీ, పదో తరగతి లెక్కల మార్కుల కాగితం. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో మా ఆవిడ ‘పది పాసవ్వాలి’ అని రాయించుకుంది. ఆ ఏడు తల్లీకూతుళ్లు ఒకే పరీక్ష రాశారు. కూతురు పాసైంది, తల్లి లెక్కల్లో తప్పింది. మరుసటి ఏడు తప్పింది, ఆ పై ఏడూ తప్పింది. రేకు మీద దుమ్ము తుడిచి మళ్లీ తగిలించేది. పాఠం చెప్పేది కూతురే. ఒకరోజు విసిగిపోయి, “ఎన్నిసార్లు చెప్పాలమ్మా, నీ బుర్రలో మట్టేమైనా ఉందా?” అని పుస్తకం విసిరేసింది. మా ఆవిడ ఆ పుస్తకం తీసి, నలిగిన పేజీలు అరచేత్తో సాపుచేసి, అదే లెక్క మళ్లీ మొదలుపెట్టింది. ఆ జనవరిలో అమ్మాయి షెడ్డుకొచ్చి, తలెత్తకుండా, “నాన్నా, ఈసారి నా రేకు మీద చిన్నక్షరాలతో రాయి” అంది. ‘అమ్మ మీద అరవకూడదు.’ చిన్నక్షరాలతోనే రాశాను. ఆ ఏడు ఆవిడ ముప్పై ఆరు మార్కులతో గట్టెక్కింది. మా ఇంట్లో అంతకంటే పెద్ద మార్కులు ఎవరికీ రాలేదు. అమ్మాయీ, నీ క్లాసులో వెనక బెంచీ వాళ్లమీద కోపం వచ్చిన రోజున ఈ కాగితం తీసి చూసుకో.

5. ఎదుటి మందుల షాపు యజమానికి: నా తెలుగు నిఘంటువు. ‘ఔషధాలు’ అని నేను రాస్తానంటే, ‘ఔషదాలు’ అనే రాయాలని పట్టుబట్టి రాయించుకున్నాడు. ఇరవై ఏళ్లుగా దారిన పోయేవాళ్లు ఆ తప్పు నాదనుకుంటున్నారు. అది నాది కాదని ఈ పత్రం ద్వారా ప్రకటిస్తున్నాను. ‘ఔషధం’ అన్న మాట ఉన్న పేజీలో గుర్తు పెట్టి ఉంచాను.

6. నా తమ్ముడికి: మిగిలిన కుంచెలన్నీ, రాసేటప్పుడు చెయ్యి ఆనించుకునే కర్ర. అతనికి అక్షరం నేర్పింది నేను. పదహారేళ్ల కిందట ఫ్లెక్సీ మిషన్ కొందామన్నాడు. “అన్నయ్యా, జనం ఆగడం లేదు. నువ్వు మూడు రోజులు రాసేది అది పావుగంటలో ఇస్తుంది” అన్నాడు. అతనన్నది నిజం. నిజం కాబట్టే నాకు ఒళ్లు మండింది. షెడ్డులోంచి వెళ్లిపొమ్మన్నాను. వెళ్లి, నాలుగు వీధుల అవతల మిషన్ పెట్టుకున్నాడు. పదకొండేళ్లు మాటల్లేవు. ఏటా రేకు ముందు కూర్చున్నప్పుడు మా ఆవిడ నా వంక చూసేది. నేను సైకిల్ చక్రాలు బాగుచేయడం, కళ్లజోడు మార్పించుకోవడం లాంటివి రాసుకుని తప్పించుకునేవాణ్ణి.

ఆవిడ ఆఖరి రేకు మీద, ‘మరిది ఇంట్లో కాఫీ తాగి రావాలి’ అని రాయించుకుంది. నా చేత్తోనే రాశాను, ఏమీ అడగలేదు. అడగకూడదన్నది షరతు. ఆ డిసెంబరులో ఆవిడ పోయింది. తమ్ముడు వచ్చాడు. వంటింట్లో ఆ రేకు ముందు నిలబడి, “మార్చిలో వచ్చింది వదిన. చక్కెర ఎక్కువైందని రెండో కప్పు మళ్లీ పెట్టించుకుంది” అన్నాడు. పదకొండేళ్ల తర్వాత మా మధ్య మొదటి మాట అదే. “తనకి చక్కెర తక్కువే” అన్నాను.

నా చెయ్యి వణకడం మొదలైనప్పటినుంచి మా ఇంటి రేకులు అతనే రాస్తున్నాడు. ఈ వీలునామా కూడా నేను చెబుతుంటే అతనే రాస్తున్నాడు. ‘వెళ్లిపొమ్మన్నాను’ అన్న చోట కలం ఆపాడు. రాయరా అన్నాను, రాశాడు.

7. నేను పోయాక నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టవద్దు. తమ్ముడు నొచ్చుకుంటే నొచ్చుకోనీ. పేరు రాయాలనుకుంటే రేకు మీద, చేత్తో.

పై విషయాలన్నీ చదివించుకుని విని, సరిగ్గా ఉన్నాయని ఒప్పుకుని, వచ్చినంత బాగా సంతకం చేస్తున్నాను.

రెండు వేల పందొమ్మిది, ఫిబ్రవరి ఇరవై ఒకటి, గురువారం.

సంతకం: అక్షరాల మాస్టారు

సాక్షులు:
1. పక్కింటి పళ్ల డాక్టరు
2. రిటైరైన లైబ్రేరియన్ గారు

దస్తూరి: తమ్ముడు.
అన్నయ్య చెప్పింది చెప్పినట్టే రాశాను. అయితే ఆ రోజు వెళ్లిపొమ్మని అన్నయ్య అనలేదు. నేనే వెళ్లాను. దిద్దుతానంటే ఒప్పుకోలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.