సీలు తలుపుకు కాదు, రిలేకి

తిరువూరు,
19 మే 2025.

ఈ రోజు పనులు: రెండు పూటల వంట అయింది. బట్టలు ఆరేశాను. మామిడి ఒరుగులు ఎండకు పెట్టాను. విమానం ఎర్తు దగ్గర రంగు గీకించాను. అర్జీ ఒక్కటే మిగిలింది.

విమాన భద్రతా తనిఖీ అధికారి గారికి,

అయ్యా,

విషయం: మా రెండు సీట్ల విమానం తలుపుకు తమరు వేసిన సీలు తీసి, అందులోని ఓవర్ వోల్టేజీ రిలేకు వేయవలసిందిగా మనవి.

1. నా భర్త ఐజాక్ గారిది మోటారు వైండింగు షాపు. ఆయనా, స్నేహితుడు అంతోనయ్య గారూ కలిసి సదరు విమానాన్ని అంతోనయ్య గారి చేలోనే కూర్చారు. ఇంజను తిరిగితే లిథియం బ్యాటరీ ఛార్జి అవుతుంది. వోల్టేజీ హద్దు మీరితే ఛార్జింగు ఆపడానికి రిలే ఉన్నది.

2. తమరు తనిఖీకి వస్తున్నారని ఇద్దరూ విమానానికి నీలం రంగు వేశారు. ఎర్తు తీగ బిగించే చోటు కూడా వదల్లేదు. రంగు మీద బోల్టు బిగిస్తే ఎర్తు అందదు. వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు తికమకపడి దాన్ని పెంచుకుంటూ పోయింది. రిలే టక్కున ఆపింది. మళ్లీ వేస్తే మళ్లీ ఆపింది.

3. ఇంట్లో ఫ్యూజు రెండుసార్లు పోతే మూడోసారి మందపాటి తీగ వేయడం మా వాళ్ల అలవాటు.

"సార్ ముందు ఆగిపోతే పరువేం కావాలి? ఇవాళ్టికి రిలేని తప్పించి తీగ కలిపేద్దాం" అన్నారు నా భర్త.

"ఏవండీ, చుట్టాలొచ్చారని కుక్కరు విజిల్‌ని తాడేసి కట్టేస్తామా?" అన్నాను.

"నువ్వూరుకో ప్రేమా, ఒక్క పూటే కదా!"

4. రిలేని తప్పించి, తమరిని సీట్లో కూర్చోబెట్టి ఇంజను తిప్పిన పర్యవసానం తమరికి తెలిసినదే. వోల్టేజీ పెరగగానే బ్యాటరీ లోపలి సర్క్యూటు బ్యాటరీని విడదీసి కాపాడుకుంది. మిగిలిందంతా రేడియో మీద పడింది. ట్యాంకు నిండాక వాల్వు ఒక్కటే మూస్తే పైపు పగులుతుంది, మోటారు కూడా ఆపాలి. ఆ ఆపేదే రిలే. పొగ చూసి తమరు "దించండయ్యా నన్ను, దించండి!" అని కేక వేయుట, "సార్, మనమింకా నేల మీదే ఉన్నామండి!" అని నా భర్త విన్నవించుకొనుట, తమరు పక్కన పట్టా మీద ఆరబెట్టిన నా ఒరుగుల మీదికి దూకుట, ఆపై తలుపుకు సీలు వేయుట జరిగినవి.

5. ఆ రోజు నాకు నవ్వు ఆగలేదు, క్షమించాలి. ఇప్పుడూ ఆగడం లేదు. పై పేరాలో అక్షరాలు అందుకే వంకర పోయాయి.

6. తమ సీలు ముట్టకుండా, ఇంజను మూత తీసి, ఎర్తు బాగుచేసి, రిలే తిరిగి కలిపించాను. షాపులోని పవర్ సప్లయి తెచ్చి వోల్టేజీ పెంచితే పదిహేను వోల్టులు దాటగానే రిలే టక్కుమన్నది. నా భర్త తల దించుకున్నారు. అయినా, రేపు ఇంకో పెద్దమనిషి చూడవస్తే మా ఆయన చెయ్యి మళ్లీ తీగ మీదికే పోతుంది. కాబట్టి తాళం పడవలసింది రిలే పెట్టెకు.

7. తొలకరి పడితే అంతోనయ్య గారు ఆ చేను దున్ని పత్తి వేస్తారు. ఇక విమానం పరుగెత్తే చోటు ఉండదు. మొదటిసారి ఎగిరినప్పుడు రెండో సీటు నాదని మాట. మా డాబా మీది ట్యాంకు మూత సరిగా ఉందో లేదో పైనుంచి చూడాలని నా కోరిక.

కావున తమరు దయతో చిత్తగించి, వానకంటే ముందు రావలెనని వేడుకొనుచున్నాను.

తమ విధేయురాలు,
ప్రేమకుమారి

తా.క. రావడానికి భయపడకండి. ఈసారి ఒరుగులు డాబా మీద పెట్టాను. విమానం పక్కన గడ్డి కూడా మెత్తగా పరిపిస్తాను, మీ ఇష్టం. ఆ రోజు నలిగినవి వృథా కాలేదు. బూటు గుర్తు పడినవి తీసేసి, మిగతావి పప్పులో వేశాను, బాగా కుదిరింది. మీ ఒరుగుల బాకీ చెల్లు.