నేను బిగించిన స్క్రూలు

మాధవరం,
బుధవారం.

అప్పకు సుకన్య నమస్కరించి రాసేది. ఇక్కడ నేను బాగున్నాను. ఎమ్మిగనూరులో నువ్వూ అమ్మా బాగున్నారని, మగ్గం మీద కొత్త పడుగు ఎక్కిందని తలుస్తున్నాను. ఫోన్ చేస్తే నా మాట పూర్తికాకుండానే కోప్పడి పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. దీన్ని మధ్యలో ఆపలేవు కదా!

అన్నం సరిగ్గా తింటున్నావా అని పోయిన ఉత్తరంలో అడిగావు. నాకు పనిచ్చిన పడవల గోవిందన్న భార్య భీమమ్మ రోజూ జొన్నరొట్టె పెడుతోంది, లావయ్యాను కూడా. ఇక రెండో మాట. "పడవ ఇంజన్లు ఇప్పే పని ఆడపిల్లకెందుకు, ఇంటికొచ్చి మగ్గం పట్టు" అని రాశావు. దానికి జవాబు చెప్పే ముందు ఇక్కడ జరిగింది విను.

యాత్రికులను నదిలో తిప్పే గోవిందన్న పడవ, ఇంజను వేడెక్కి ఆగిపోయింది. దాని నీళ్ల పంపు మార్చాలి. పంపు మూతకు నాలుగు స్క్రూలు. ఒక్కటీ కదల్లేదు. "ఎవడప్పా వీటిని ఇట్ల బిగించినోడు?" అని గోవిందన్న అరిచాడు. నాకన్నా ముందు పనిచేసి మానేసిన ఉమేషే అయి ఉంటాడని తనే తేల్చేశాడు.

అప్పా, బిగించింది నేనే. పోయినేడు గ్రీజు అయిపోతే, మగ్గంలో నాడె అటూ ఇటూ జారడానికి మనం రాసే వేరుశనగ నూనెనే స్క్రూలకు రాశాను. మగ్గం బుద్ధి! అది ఎండి బంకలా పట్టేసింది. నాలుగు రోజులు గోవిందన్న ఎదుట లేని ఉమేష్‌ను తిడుతుంటే నోరు మూసుకున్నాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఐదో రోజు చెప్పేశాను.

"ఇంక సాలమ్మా నీ పని, రేపట్నుంచి రావొద్దు. ఆదోని నుంచి ఇంకొకర్ని పిలిపిస్తా" అన్నాడు గోవిందన్న.

"పిలిపించుకో అన్నా. ఆయన వచ్చేదాకా ఈడ్నే ఉంటా. బిగించింది నేను, ఇప్పేదీ నేనే."

మర్నాడు మూత మీద మరిగే నీళ్లు పోసి, తుప్పు వదిలించే నూనె పట్టించి, ఒక పూట ఆగి సుత్తితో మెల్లగా తట్టాను. నూలు చిక్కుపడితే లాగకూడదు, ముందు వెనక్కి వదలాలి అని నేర్పింది నువ్వే. అలాగే ప్రతి స్క్రూనూ ముందు ఇంకాస్త బిగించి, తర్వాత విప్పాను. మూడు వచ్చాయి. నాలుగోదాని తల తెగింది. డ్రిల్లుతో తొలిచి తీశాను. కొత్త పంపు బిగించాను. సాయంత్రానికి ఇంజను పలికింది. గోవిందన్న ఇంజను మీద చెయ్యి పెట్టి వేడి చూసి, "ఆ రెండో పడవదీ సూడు" అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు నీకు జవాబు. రాను అప్పా. ఉరుకుంద జాతరకు రమ్మను, పరుగున వస్తాను. తప్పు చేసి పారిపోయి వచ్చినదానిలా మాత్రం మన వాకిట్లో కాలు పెట్టను.

ఇట్లు,
నీ మొండితనమే వచ్చిన కూతురు
సుకన్య