శివన్న నాడి

మంగళవారం రాత్రి, రాయచూరు

ఆ పురుగుమందు మన పొలానికి అమ్మనని, మాన్విలో దుకాణం తెరిచిననాడు తమ్ముడు ఈరన్న నాకు మాటిచ్చాడు. మరుసటి ఏడే తప్పాడు.

ఈ పొద్దున పత్తికి అదే మందు కొట్టి నా కొడుకు శివన్న గట్టుమీద కూలాడు. నాడి అందనంత నెమ్మది. నెమ్మదించమని నరం గుండెకు పంపే సంకేతాన్ని చెరిపే ఎంజైము ఒకటుంది. నరాల కొసల్లో, గుండెలో విద్యుత్తు నడిచే కణజాలంలో ఉంటుంది. మందు దాన్ని కట్టేస్తే సంకేతం చెరగక గుండె ఇంకా నెమ్మదిస్తుంది. ఇదంతా మాటిచ్చిననాడే ఈరన్నకు చదివి వినిపించాను.

ఆసుపత్రి వరండాలో ఈరన్న అన్నాడు: "గాలి ఎదురొచ్చిందన్నా, నేనేం జేస్త?"

"గాలిని గూడ నువ్వే అమ్మినవేందిరా?" అన్నాను.

సూదిమందుకు నాడి కాస్త లేచింది. ఎంజైము తిరిగి పుట్టాలంటే వారాలట. శివన్న బతకాలి. బతికినా, వాణ్ణి ఆ మంచం ఎక్కించింది నువ్వే, ఈరన్నా.