పడవల షెడ్డులో నీ ఎర్రకారు

చిరంజీవి జెమీమాకు పెదనాన్న ప్రేమపూర్వక ఆశీస్సులు.

కాలువ మలుపులో కొబ్బరిచెట్టును ఢీకొన్న నీ స్పోర్ట్స్ కారు బాగయినది. కంపెనీవారి మనిషి హైదరాబాదు నుండి రావడానికి నెలలు పడుతుందని తెలిసి, పగిలిన ముందుభాగం ఫైబరే కనుక, ఫైబరు పడవలు బాగుచేసే లోవరాజుకు అప్పగించాను. ఇంజనుకు దెబ్బ తగలలేదని రాజమహేంద్రవరం మెకానిక్కు పరీక్షించి చెప్పాడు.

కారును అమ్మివేయడానికి నీవు పంపిన డ్రైవరును లోవరాజు వట్టిచేతులతో తిప్పి పంపాడు.

"బాగైన పడవని ముందు సొంతదారే నడపాలండి మేస్టారూ. అమ్మాయిగారు రాకుండా తాళం ఇస్తే మావాళ్లు నన్ను చూసి నవ్వుతారండి."

"ఇది పడవ కాదయ్యా!"

"నా షెడ్డులోకొచ్చాక పడవేనండి."

తాళం అతని దగ్గరే ఉంచమన్నాను.

ఇక స్టీరింగు ముట్టనని నీవు వ్రాసిన మాట నన్ను నిద్రపోనివ్వడం లేదు. ఆదివారం ఆరాధన ముగిసిన పిమ్మట రా, తల్లీ. కాలువగట్టు మీదుగా పెద్దరోడ్డు వరకు మాత్రమే, నెమ్మదిగా పోదాము. ప్రక్కన నేను కూర్చుంటాను. ఆ సీటు మరీ నేలకు ఆనుకొని ఉన్నది; దిగేటప్పుడు నాకు నీ చెయ్యి కావాలి.

ఇట్లు,
నీ పెదనాన్న