కట్టి ఉన్న లేసు

హాంబర్గ్,
ఆదివారం

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరిట నీ హెప్సీ వందనాలు. నువ్వు, తమ్ముడు క్రిస్, మరదలు ఆరోగ్యంగా ఉన్నారని నమ్ముతున్నాను. ఇక్కడ నేను క్షేమం. "మేము క్షేమం" అని రాయబోయి కలం ఆపేశాను. మీ అల్లుడు వుకాశిన్ విషయంలో నాకు చాలా భయంగా ఉందమ్మా. కంగారు పడకుండా చివరిదాకా చదువు.

ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నీ ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది. లేసు అల్లడానికి రెండు చేతులూ కావాలని దాన్ని చెంబుకు ఆనించి పెడతావు. నీతో కూర్చుని అల్లే ఆడవాళ్లందరూ నా సంసారం వింటారు. సాయంత్రానికి అది ప్రార్థన మనవి అయిపోతుంది. పోయిన ఏడాది వుకాశిన్ చీలమండ బెణికిందని చెబితే, ఆదివారం నాటికి నరసాపురం సంఘమంతా అతని కాలు విరిగిందని ఏడ్చింది. అందుకే ఈ కాగితం. మా సంఘంలోని శశికాంత్ గారు వచ్చే వారం భీమవరం వస్తున్నారు, ఆయన చేతికిస్తాను. నువ్వొక్కదానివే చదువు. నేను చెప్పేదాకా సంఘంలో లేచి నిలబడకు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అన్నం తింటున్నాను. నాతో పనిచేసే రాజ్యశ్రీ సెలవుల నుంచి తిరిగొస్తూ నీ ఉత్తరం, రొయ్యల పచ్చడి, బూట్లకని నువ్వు అల్లిన లేసులు అన్నీ భద్రంగా తెచ్చి ఇచ్చింది. పచ్చడి మూత తీస్తే పై అంతస్తు ముసలాయన కిటికీలు బార్లా తెరుస్తున్నాడు. ఆ గాలి మా ఇంట్లోకి వస్తుందని వుకాశిన్ మా తలుపులు బిగిస్తున్నాడు. గాలి ఇటునుంచి అటు వీస్తే రోగాలు వస్తాయని సెర్బియాలో వాళ్లమ్మగారు నేర్పిన పాఠం. ఆవిడ మనింటికి వస్తే ముందు నీ ఫ్యాను ఆపించేస్తుంది.

అల్లుడికి బాప్తిస్మం ఎప్పుడని మళ్లీ అడిగావు. పసిబిడ్డగా ఉన్నప్పుడే అయిందమ్మా. వాళ్ల సంఘం పద్ధతి వేరు. ఇంటి పునీతుడి పండుగకు కొవ్వొత్తి వెలిగించి రొట్టె విరుస్తాడు, మన పాటలకు తల ఊపుతాడు. ఆ సంగతి ఇక దేవుడికీ అతనికీ వదిలెయ్.

ఒక్క కంపెనీలో నిలకడగా ఉండలేడా అని కూడా రాశావు. బంతాట ఉద్యోగం అలాంటిది కాదు. పద్దెనిమిదేళ్ల వయసులో క్రాల్యెవో అనే తన ఊరు వదిలి బెల్జియం వెళ్లాడు. అక్కడి భాష రాదు. బట్టలు మార్చుకునే గదిలో అందరూ నవ్వితే ఎందుకో తెలియకుండానే తనూ నవ్వేవాడట. తర్వాత సైప్రస్, ఆ తర్వాత పోలండ్, ఒక్కో దేశంలో ఊళ్లు మారుతూ, ఆ పైన ఇక్కడ. ఫార్వర్డు అంటే గోలు వేయాల్సినవాడు. వెనక ఆడేవాళ్లు తప్పు చేస్తే జట్టు ఓడింది అంటారు. ఇతను కొన్ని వారాలు గోలు వేయకపోతే, ఆ సెర్బియా వాణ్ణి ఎందుకు తెచ్చారని అడుగుతారు. ఇంటివాడికి ఒక గోలు చాలు, బయటివాడు రెండు వేయాలి అని నవ్వుతూనే అంటుంటాడు. ఏ ఊళ్లోనూ మూడో చలికాలం చూడనివాడు హాంబర్గ్‌లో చూశాడు. ఎప్పుడూ అద్దె సామానుతో బతికినవాడు ఇక్కడ మొదటిసారి సొంతంగా సోఫా కొన్నాడు. ఈ వేసవికి క్లబ్బుతో ఒప్పందం అయిపోతుంది. ముప్పై రెండేళ్లవాడికి మళ్లీ ఒప్పందం రాయించుకోవడం ఎంత కష్టమో, అతను నిద్రలో పళ్లు కొరుకుతుంటే నాకు తెలుస్తుంది.

ఇక నీ ఆఖరి ప్రశ్న. నీ ఉత్తరం చదువుతూ, నవ్వుతూ, అతనికి జర్మన్‌లో చెబుతున్నాను. "అల్లుడుగారు ఆట మజ్జిలో వంగి, కట్టున్న లేసే మళ్లీ కట్టుకుంటన్నారేంటే? ఊడితే కదా కట్టుకోవాలి? క్రిస్ ఫోనులో చూసి చెప్తన్నాను. నేనల్లిన లేసులు పంపేను, ముడేస్తే జారదు." నువ్వు లేసు అల్లే మనిషివి, ఆటంతా వదిలేసి లేసు మీదే కన్నేశావని నేను పడీపడీ నవ్వాను. వుకాశిన్ నవ్వలేదు. చేతిలో చెంచా పళ్లెంలో పెట్టేశాడు. అతని మొహం చూసి నా నవ్వు ఆగిపోయింది.

చేయి పట్టుకుని అడిగాను. పళ్లెం పక్కకు జరిపాడు. తర్వాత చెప్పాడు. చలికాలంలో జ్వరం వచ్చినప్పుడు ఒక్కరోజు కూడా పడుకోకుండా ఆడాడు కదా, అప్పటినుంచి పరిగెత్తుతుంటే ఉన్నట్టుండి గుండె అదుపు తప్పుతోందట. కళ్లు చీకట్లు కమ్ముతున్నాయట. పడిపోతానేమో అనిపించినప్పుడు మోకాలి మీద కూర్చుని లేసు పట్టుకుంటున్నాడు. లేసు కట్టుకునేవాణ్ణి ఎవరూ అనుమానించరు. రిఫరీ కూడా ఆగుతాడు. చీకటి విడిపోయాక లేచి మళ్లీ పరిగెత్తుతున్నాడు.

నేను నర్సును. పదేళ్లుగా పరాయివాళ్ల నాడి పట్టుకుంటున్నాను. అతని మణికట్టు పట్టుకుంటే, గుప్పిట్లో కోడిపిల్ల గింజుకున్నట్టు కొట్టుకుంది. కుర్చీలో కూర్చున్న మనిషికి అలా కొట్టుకోకూడదు. రేపే డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. వద్దన్నాడు. సీజను అయ్యేదాకా ఎవరికీ చెప్పనని మాట ఇమ్మన్నాడు. "చెప్తే నన్ను కూర్చోబెట్టేస్తారు హెప్సీ. కూర్చున్న ఫార్వర్డును ఎవరూ ఉంచుకోరు" అన్నాడు. అతను నన్ను ఎప్పుడూ ఏదీ అడగలేదమ్మా. మాట ఇచ్చాను.

ఆ తర్వాతి శనివారం స్టేడియానికి వెళ్లాను. వాన, గాలి, గొడుగు తిరగబడిపోతోంది. చుట్టూ వేలమంది పాడుతున్నారు. నేను బంతి వంక చూడలేదు. అతని బూట్లనే చూస్తూ కూర్చున్నాను. రెండో సగంలో అతను పరుగు ఆపి, వంగి, లేసు పట్టుకున్నాడు. నా పక్కావిడ బిస్కెట్టు పెట్టబోతే నాకు చేయి రాలేదు. ఇక లేవడనుకున్నాను. లేచాడు. ఆ పైన గోలు కూడా వేశాడు. అందరూ అతని పేరు అరుస్తుంటే నేను మెట్ల కింద గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను. క్రిస్ ఆ గోలు చూసి నాకు ఫోనులో పూలూ దండాలూ పంపాడు.

ఇప్పటిదాకా నీకు చెప్పని ముక్క ఇది. మొన్న గురువారం అతనికి తెలియకుండా జట్టు డాక్టరమ్మకు ఫోను చేసి అంతా చెప్పేశాను. మాట తప్పాను. ఆవిడ ఇంకేమీ అడగకుండా సాయంత్రమే అతన్ని ఆట నుంచి తప్పించింది. నిన్నటి ఆటలో అల్లుడుగారు ఎందుకు లేరని క్రిస్ అడిగింది ఇందుకే.

ఎవరు చెప్పారని అతను అడగలేదు. ఈ ఊళ్లో ఆ సంగతి తెలిసింది నా ఒక్కదానికే. నాతో మాట్లాడటం మానేశాడు. తను కొన్న సోఫా మీదే పడుకుంటున్నాడు. నేను తలుపు చాటున నిలబడి ఊపిరి వినబడుతోందా అని చూస్తున్నాను. అతను కోప్పడినా బాగుండును. పద్నాలుగేళ్లు దేశాలు పట్టుకుని తిరిగి సంపాదించుకున్న చోటు నేను లాగేశాను. ఒకవేళ పరీక్షలో ఏమీ లేదని తేలితే, ఊరికే అతని బతుకు పాడుచేసినదాన్నవుతాను. ఏదైనా ఉందని తేలితే ఏం చేయాలో ఆలోచించడానికే భయంగా ఉంది. ఏది తేలాలని ప్రార్థన చేయాలో కూడా నాకు తెలియడం లేదమ్మా. మంగళవారం గుండె స్కానుకు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరికింది. ఉత్తరం ఇక్కడ ఆపుతున్నాను.

మంగళవారం

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. ఒళ్లో బ్యాగు పెట్టుకుని రాస్తున్నాను.

పొద్దున ఇంట్లోంచి బయలుదేరినప్పుడు అతని బూట్లు చూశాను. ఆట బూట్లు కావు, మామూలువి. వాటికి నువ్వు అల్లిన తెల్ల లేసులు ఎక్కించి ఉన్నాయి. ఎప్పుడు ఎక్కించాడో తెలియదు. ట్రైనులో ఎదురెదురుగా కూర్చున్నాం. స్కాను గదిలోకి బూట్లు వేసుకుని వెళ్లకూడదు కాబట్టి విప్పి నా చేతికిచ్చి లోపలికి వెళ్లాడు. అతను వచ్చేదాకా వాటిని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను.

తర్వాత గుండె డాక్టరు ఇద్దరినీ పిలిచాడు. జ్వరం తర్వాత గుండె కండరం వాచి ఉందట. కొన్నాళ్లు పరుగు అన్న మాటే ఉండకూడదన్నాడు. మళ్లీ ఆడగలడా లేదా ఇప్పుడే చెప్పలేనన్నాడు. తెర మీద బొమ్మ చూపించి, శనివారం మీరు ఆడి ఉంటే ఈ మాటలు నేను మీ భార్య ఒక్కదానికే చెప్పాల్సి వచ్చేదేమో అన్నాడు. వుకాశిన్ బొమ్మ వంకే చూస్తున్నాడు. నా వైపు తిరగలేదు.

బయటికి వచ్చాం. బెంచీ మీద కూర్చుని బూట్లు తొడుక్కున్నాడు. నాలుగడుగులు వేసి, ఆగి, ఉన్నట్టుండి మోకాలి మీద కూర్చుండిపోయాడు. చేయి లేసు మీద ఉంది. అమ్మా, డాక్టరును పిలవాలనే తెలివి లేకపోయింది. పరిగెత్తి వెళ్లి ఎదురుగా కూలబడి అతని మణికట్టు పట్టుకున్నాను.

అతను తల ఎత్తాడు. కళ్లు తడిగా ఉన్నాయి. గురువారం తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట, అదీ వచ్చీరాని తెలుగులో.

"లేదు హెప్సీ. ఇది నిజం లేసు."

నిజంగానే ఊడిపోయింది. నువ్వు వాడిన దారం మరీ సన్నం, ముడి నిలవడం లేదు. అతను వేస్తే జారిపోయింది, నేను వేసినా జారిపోయింది. చివరికి ఇద్దరం కలిసి వేశాం. నన్ను క్షమించాడో లేదో తెలియదు. ఇప్పుడు నా పక్కన కూర్చుని, నేను రాసే తెలుగు అక్షరాల వంక చూస్తున్నాడు. అత్తయ్యకు లేసు సంగతి రాయమంటున్నాడు.

ఇక సంఘంలో లేచి నిలబడి అడుగు. నువ్వు అనేట్టు లూకా అని కాదు, వుకాశిన్ అని అతని పేరు సరిగ్గా పలుకు. నాకు ఇంకా భయంగానే ఉంది.

ఈసారి కాస్త ముతక దారంతో అల్లి పంపమ్మా. ఇక అతను నడవడమే కదా.

ఇట్లు,
నీ లేసు మాట విని, మొగుడికిచ్చిన మాట తప్పిన
నీ కూతురు
హెప్సీ