కర్రలు లేని చేతులు

చిరంజీవి తోర్లైవ్‌కు,

అక్క దీవెనలు. దైవకృపచేత ఇక్కడ అందరమూ కుశలం. నీవూ, మరదలు ఓసా అట్లే ఉన్నారని తలుస్తాను.

నా మోకాలి సంగతి అడిగావు. మెట్లు ఎక్కేటప్పుడు మొరాయిస్తున్నది, దిగేటప్పుడు బుద్ధిగా ఉంటున్నది. పొయ్యిలోకి బర్చ్ కట్టెలు చలికాలం దాటేదాకా వస్తాయి. ఇక నీ అసలు ప్రశ్న, కొండమీది స్కీ మ్యూజియానికి వెళ్లానా అని. వెళ్లాను.

నీవు విన్నది నిజమే. స్కీలు కట్టుకుని గాలిలోకి దూకే ఆ ఎత్తైన వాలు, పాత స్కీ జంప్, కిందనున్న గదిలో అమ్మ ఫోటో ఉన్నది. పోటీకి ముందు వాలుమీది మంచును స్కీలతో తొక్కి గట్టిపరచిన ఆడవారి వరుస అది. ‘మంచు తొక్కిన స్త్రీలు’ అని కింద చీటీ. అందరి చేతుల్లోనూ మంచులో ఊతానికి పట్టే కర్రలున్నాయి. అమ్మ చేతులు మాత్రం ఖాళీ. పావడా అంచు చీలమండల దగ్గర తాడుతో బిగించి ఉన్నది. తొక్కేవారికి కర్రలు కావాలి, దూకేవారు వాటిని కిందనే వదిలి పైకెక్కుతారు. నాన్నగారు ఇంట లేని పూట జావ కలుపుతూ, తాను దూకానని అమ్మ మనిద్దరికీ చెప్పిన మాట నీవు మరచి ఉండవు.

మ్యూజియం చూసుకునే హల్వర్‌ను పిలిచి, ఈమె తొక్కలేదు, దూకింది, చీటీ మార్చమన్నాను. అతడు నవ్వాడు.

“పావడా కట్టుకుని ఎవరు దూకుతారవ్వా?”

“ప్యాంటు తొడుక్కుని నువ్వెన్నిసార్లు దూకావు నాయనా?”

“మా ఇంటి గడప తప్ప ఏదీ దూకలేదులే,” అంటూ ఫోటో దగ్గరికి వంగాడు. ఆ చేతులు చూశాక అతడి నవ్వు ఆగింది.

నాన్నగారు పాస్టరు, ఆయన భార్యను పదిమందిలో వింతగా చూపవద్దని రాశావు. లేఖనాలు జీవితమంతా చదివినదానను. ఉన్నదానిని లేదనడమే వినయమని నాకెక్కడా కనబడలేదు. అంత ఎత్తునుంచి దూకిన ఆడదానికి కడుపు పండదని ఆనాడు ఊరంతా నమ్మింది. దూకిన ఆ మనిషికే మనిద్దరమూ పుట్టాము.

ఇంతవరకూ ఆపిన మాట ఒకటున్నది. చీటీమీద అమ్మ పేరు పెట్టాలంటే ఆమె బిడ్డలందరూ సమ్మతించాలన్నాడు హల్వర్. మా తమ్ముడూ సమ్మతించాడని చెప్పి వచ్చాను. అబద్ధమే. పశ్చాత్తాపం మాత్రం లేదు. ఆదివారం ఆరాధన కాగానే అమ్మ పేరుతో ‘సున్నివా, స్కీ జంపర్’ అన్న కొత్త చీటీ పెడతారు. కాదనదలిస్తే రా. ఆ ఫోటో ముందు నిలబడి, అమ్మ ముఖం చూసి కాదను.

ఇట్లు,
నీ మేలు కోరే, నీకు జంకని
అక్క రాగ్న్‌ఫ్రిద్