పొలిమేర కట్టిన రోజు

మన ఊరు,
ఆషాఢం, 2003

బావ ఢిల్లీశ్వరరావుకి,

నీకు ఎప్పుడు ఉత్తరం రాసినా "ప్రియమైన బావకి" అనే మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి ఆ మాట దగ్గర కలం ఆగిపోయింది. అయినా నువ్వు బావవి కాకుండా పోవు కదా, దాన్ని నేను మార్చలేను.

ఒకే వీధిలో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. స్టాంపు అంటించి మరీ డబ్బాలో వేస్తున్నాను. ఇది కవిటి వెళ్లి, ముద్ర వేయించుకుని, పోస్టుమేన్ యువరాజు సైకిలు మీద తిరిగి నీ అరుగు మీదికి వస్తుంది. నీ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను కదా. పైగా ఎదురుగా నిలబడితే నువ్వు నన్ను మాట పూర్తి చేయనివ్వవు. ఈ ఊళ్లో మొదటి నుంచీ నీ గొంతే పెద్దది. కాగితం మీద మాత్రం నాకు అడ్డు రాలేవు.

నీ చెల్లెలు పైడమ్మకి జబ్బని నీకు తెలుసు. ఆ జబ్బుతో మేము ఎక్కడెక్కడ తిరిగామో తెలియదు. పిల్లలు లేనివాళ్లం, చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఎవరున్నారు? నువ్వేమో ఎప్పుడూ పంచాయితీల్లో ఉంటావు. అందుకని ఇప్పుడు చదువు.

కాళ్లు పొంగి, అన్నం సయించక మొదలైంది. సోంపేటలో రక్తపరీక్ష చేయిస్తే మన ఉద్దానంలో బడి పిల్లలకి కూడా తెలిసిన మాటే చెప్పారు, కిడ్నీలని. ఆ రోజు నుంచి కొబ్బరినీళ్లు తాగొద్దన్నారు. ఇంటి చుట్టూ తోట, కిటికీలోంచి చెయ్యి చాపితే అందే గెలలు, ఒక్క బొండాం నోట పెట్టడానికి లేదు. మొన్నటికి మొన్న నువ్వు ప్రేమగా ఒక గెల దింపించి పంపావు చూడు, అది ఆవిడకి విషం. నీకు ఆ సంగతి కూడా తెలియదు.

పెద్ద డాక్టరు విశాఖలో. రోగుల్ని అక్కడికి తీసుకెళ్లడానికి ఒక ట్రస్టు వాళ్లు వ్యాన్ నడుపుతున్నారు. దానికి పలాస ఆఫీసుకి ఫోను చేసి సీటు చెప్పుకోవాలి. నేను కవిటి వెళ్లి ఎస్.టి.డి. బూతులో నిలబడి ఫోను చేస్తే సత్యవేణి అని ఒక అమ్మాయి ఎత్తుతుంది. "సీట్లు నిండిపోనాయి తాతగారూ, వచ్చే వారం సెయ్యండి" అంటుంది. వచ్చే వారం చేస్తే ఆసుపత్రి ఇచ్చిన తేదీ దాటిపోతుంది. పాపం ఆ పిల్ల గొంతు చాలా మర్యాదగా ఉంటుంది. అంత మర్యాదగా కాదనిపించుకోవడం నాకు ఈ వయసులో కొత్త.

సీటు దొరికినా వ్యాన్ ఊళ్లోకి రాదు. కంచిలి దగ్గర హైవే దాకా ఆటోలో వెళ్లి, చీకట్లోనే కాచుకుని ఉండాలి. లోపల అందరూ మా ఈడువాళ్లే, అందరిదీ అదే జబ్బు. ఆడవాళ్లు ముందురోజు నుంచే నీళ్లు మానేస్తారు, దారిలో బండి ఆపమని డ్రైవర్ని అడగలేక. టెక్కలిలో టీ కోసం ఆపినప్పుడు మగవాళ్లు గోడ వెనక్కి పోతారు, ఆడవాళ్లు సీట్లలో తలలు వంచుకుని కూర్చుంటారు. కిడ్నీలు చెడినవాళ్లని నాలుకలు ఎండగట్టి డాక్టరు దగ్గరికి మోసుకెళ్తున్న బండి అది.

ఇక ఆసుపత్రి. ఒకసారి డాక్టరు ఏదో సభకి ఢిల్లీ వెళ్లారన్నారు. ఇంకోసారి మా చీటీ మీద ముద్ర లేదన్నారు, ముద్ర వేసే కిటికీ మూసేసి ఉంది. ఆ తర్వాతసారి మా విభాగం చూసే రోజు అది కాదన్నారు. ఆ రోజు రమ్మని రాసిచ్చింది కూడా వాళ్లే. ఆ చీటీ చూపిస్తే, "రాసినోళ్లని అడుగు" అన్నాడు అక్కడివాడు. సోంపేట లైబ్రరీలో పని చేసినన్నాళ్లూ వేల పుస్తకాలకి నంబర్లు వేసి వరసలో పెట్టినవాణ్ణి. మనుషుల్ని వరసలో పెట్టి మరిచిపోయే చోటు ఒకటి ఉంటుందని నేను చదివిన ఏ పుస్తకమూ చెప్పలేదు.

చివరికి చేతి ఆపరేషనుకి తేదీ ఇచ్చారు. ముంజేతి దగ్గర నరాలు కలుపుతారు. అది అయితేనే తర్వాత మిషను మీద రక్తం శుభ్రం చేయడానికి వీలవుతుంది. అది లేకపోతే పైడమ్మ ఎక్కువ కాలం ఉండదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఆ తేదీ ఎలా సంపాదించానో నాకే తెలుసు.

సరిగ్గా అప్పుడే మన వీధిలో శవం మీద శవం లేచింది. అన్నీ కిడ్నీ చావులే. నువ్వు సభ పెట్టించావు. మంత్రాలేసే ఎజ్జోడు వచ్చి వేపమండలు ఊపి, ఊరికి ఏదో పట్టిందని, పొలిమేర కట్టాలని చెప్పాడు. కోడి కూయకముందే కడితే మర్నాడు పూజ తీరేదాకా లోపలివాడు బయటికి, బయటివాడు లోపలికి అడుగు వేయకూడదు. పూర్వం ఒక మహానగరంలో కలరా చావులు వస్తే, ఒక డాక్టరు అందరూ నీళ్లు పట్టుకునే బోరింగు పిడి పీకించాడని చదివాను. మనకి నీళ్లని అనుమానించే బుద్ధి పుట్టలేదు. గాలిని అనుమానించి వెదురుబొంగు అడ్డం కట్టాం.

అది కూడా ఏ రోజు? పైడమ్మ ఆపరేషనుకి వెళ్లాల్సిన రోజు. నేను నీ అరుగు మీదికి వచ్చి ఒక్క రోజు వెనక్కి జరపమని అడిగాను. పదిమంది ముందు నువ్వు అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "ఒకలి కోసం ఊరంతా ఆగుతాదేటి బావా? అమ్మోరు నీ ఆసుపత్రి సీటీ సూసుకుని వత్తాదేటి?" అందరూ నవ్వారు. నవ్విన వాళ్లలో సగం మందికి పాదాలు పొంగే ఉన్నాయి.

అయినా బయల్దేరాం. పొలిమేర దగ్గర బొంగుకి వేపమండలు, నిమ్మకాయలు కట్టి ఉన్నాయి, అవతల ఆటో నిలబడి ఉంది. పదడుగుల దూరం. నువ్వు తువ్వాలు భుజాన వేసుకుని బొంగు పక్కనే కూర్చున్నావు. నేను అరిచాను, నిన్ను తిట్టాను, పోలీసు స్టేషనన్నాను. నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. పైడమ్మ కల్వర్టు మీద కాసేపు కూర్చుంది, నీ వైపు చూసింది, లేచి ఇంటి దారి పట్టింది. ఆటో వెళ్లిపోయింది. కంచిలిలో వ్యాన్ కూడా వెళ్లిపోయి ఉంటుంది.

మళ్లీ తేదీ వినాయక చవితి దాటాక ఇచ్చారు. ఈలోపు ఆవిడకి ఏమైనా అయితే జబ్బు చేసిన పని అనుకోను, నువ్వు చేసిన పని అనుకుంటాను. ఊరిని కాపాడానని నువ్వు మీసం తిప్పుకున్నప్పుడల్లా ఈ కాగితం గుర్తు రావాలి నీకు.

నీ చెల్లెలి మొగుడు,
నీలాద్రి


మన ఊరు,
శ్రావణం

ప్రియమైన బావకి,

ఏ మాటతో మొదలుపెట్టాలో తోచక, పాత అలవాటు కొద్దీ ఆ మాటే రాశాను.

ఉత్తరం నీ చేతికే ఇచ్చానని యువరాజు చెప్పాడు. నువ్వు విప్పి, చదివి, మడిచి జేబులో పెట్టుకున్నావట. నీ నోట మాట రాలేదని విని గెలిచాననుకున్నాను. ఆ గర్వంతో నిన్న పైడమ్మ పక్కన కూర్చుని, మీ అన్నయ్యకి ఏం రాశానో విను అని ఒక్కొక్క మాటా చెప్పుకొచ్చాను. అన్నీ గుర్తున్నాయి నాకు. నేను బాగా రాశాననుకున్న వాక్యాలైతే రెండుసార్లు చెప్పాను.

ఆవిడ గోడకి చేరబడి అంతా విన్నది. అప్పుడు అంది, "అన్నియ్యనేటీ అనకు. ఆ రోజు కట్టు పెట్టమని నానే అడిగినాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎందుకని అడిగాను. ఆపరేషనంటే భయమా అన్నాను. కాదంది. వ్యాన్ కష్టమా అన్నాను. దానికి అలవాటు పడిపోయానంది. ఆవిడకి ఇప్పుడు ఊపిరి కూడా కష్టంగానే ఉంది. తర్వాత తేదీ సంపాదించిన రోజు సంగతి తీసింది. నేను ఆవిడని బల్ల మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్లాను కదా, ఆవిడ అక్కడే కూర్చుని ఉందనుకున్నాను. మందుల సంచీ నా దగ్గర ఉండిపోయిందని వెనకాలే వచ్చిందట. తలుపు దగ్గర నిలబడి చూసిందట.

ఏం చూసిందో నీకు రాయక తప్పదు. చీటీలు చూసే కుర్రవాడు, నాకు మనవడుంటే ఆ ఈడువాడు, "ఏయ్ ముసలోడా, ఎన్నిసార్లు సెప్పాలి, బయిటికెల్లు" అన్నాడు. నేను వెళ్లలేదు. చేతులు జోడించాను. "బాబూ, బాబూ" అన్నాను. వాడు అటు తిరిగితే అటు వెళ్లి నిలబడ్డాను. మన ఊళ్లో నీకు కూడా తల వంచని నేను, వాడి ముందు అలా ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. చివరికి విసుగెత్తి చీటీ లోపలికి పంపాడు. అలా వచ్చింది ఆ తేదీ.

"నువ్వు అలా నిల్సోడం నాను సూడనేను" అంది పైడమ్మ. "సచ్చిపోనా పరవానేదు గాని, మల్లా సూడనేను."

రానని నాతోనే చెప్పొచ్చు కదా అన్నాను. నవ్వింది బావా. "నీతో వాదించి ఎవులు నెగ్గినారు? ఎనిమిది పుస్తకాలు తెచ్చి సదివి, నన్ను బండెక్కించీవోడివి. అమ్మోరి కట్టయితే నీ పుస్తకాలేటీ సెయ్యలేవు." అందుకని నీ దగ్గరికి వచ్చిందట, నేను కవిటిలో ఫోను బూతు దగ్గర ఉన్నప్పుడు. నువ్వు ఒప్పుకోలేదట ముందు. ఆవిడ ఏడ్చిందట. నాతో చెప్పనని తల మీద చెయ్యి వేయించుకుందట. మరి నువ్వు పదిమందిలో నన్ను వెక్కిరించింది, బొంగు పక్కన తిట్లు తింటూ మాట్లాడకుండా కూర్చుంది అందుకేనా? వెక్కిరింపు మాత్రం నీ సొంతం అనుకుంటాను. దాన్ని క్షమించను. చెల్లెలు ఏడిస్తే కాదనలేకపోయినవాడివి, బావ ప్రాధేయపడితే గుమ్మం దాకా లేచి వచ్చి పక్కకి పిలిచి ఉండవలసింది. ఆ కోపం నాకు పోయేటప్పటికి మనిద్దరం ఉండం.

అయినా ఇప్పుడు నీతో పని పడింది. చవితి దాటాక తేదీకి వెళ్దామని రాత్రి మళ్లీ అడిగాను. వాదించలేదు, అడిగానంతే. ఆవిడ "అన్నియ్యొత్తే ఎల్తాను, నువ్వు రాకు" అంది. ట్రస్టు వాళ్ల వ్యాన్‌లో రోగి వెంట ఒక్కరినే ఎక్కనిస్తారు. కాబట్టి నువ్వు ఎక్కితే నేను ఇక్కడ ఉండిపోవాలి. పొద్దున్నే నీతో మాట్లాడిందట, నువ్వు సరేనన్నావట. ఆ మాట నాతో చెప్పి వెళ్లడానికి మా గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి వెనక్కి తిరిగిపోయావు. చూశాను నేను.

అప్పటిదాకా ఉంటుందో లేదో నాకు తెలియదు. పాదం మీద వేలు పెడితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. ఉంటే ఎలా తీసుకెళ్లాలో రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. ఆటో దిగేటప్పుడు ఎడమ చేతిని పట్టుకోకు, ఆపరేషను ఆ చేతికే. నీళ్లు మానేస్తానంటుంది, ఒప్పుకోకు, డాక్టరు చెప్పినంత తాగించు. టెక్కలిలో బండి ఆపినప్పుడు టీకొట్టు పక్కింటివాళ్లని అడిగి వాళ్ల దొడ్లోకి పంపించు, నువ్వు అడిగితే రానిస్తారు, నీ గొంతుకి ఆ మాత్రం విలువ టెక్కలి దాకా ఉంటుంది.

విశాఖలో ఆ విలువ ఉండదు. అక్కడ నువ్వు కూడా ముసలోడివే. వరసలో నిలబెడతారు, చీటీ తప్పంటారు, రేపు రమ్మంటారు. కోప్పడకు. కోప్పడితే చీటీ అడుగుకి పోతుంది. నీకు ఇది రాస్తుంటే కొంచెం పగ తీరినట్టుంది, అబద్ధం చెప్పను. కానీ పగ కోసం రాయడం లేదు. అక్కడ చేతులు జోడించక తప్పదు బావా. అప్పుడు మాత్రం పైడమ్మని గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, మందుల సంచీ ఆవిడ ఒళ్లో పెట్టి వెళ్లు.

నీలాద్రి